మరియానె వోస్ ఎన్నిసార్లు ప్రపంచ ఛాంపియన్? 3, 8, 14, 15 లెక్కల చిక్కు

నెదర్లాండ్స్ సైక్లిస్టు మరియానె వోస్ గురించి నాలుగు వార్తలు చదివితే నాలుగు అంకెలు ఎదురవుతాయి. ఒకదానిలో ఆమె 3 సార్లు ప్రపంచ ఛాంపియన్. ఇంకొకదానిలో 8 సార్లు. 14 అని రాసేవారున్నారు, 15 అనేవారూ ఉన్నారు. కాస్త పాత వార్తయితే 13 అని ఉంటుంది. చిత్రమేమిటంటే వీటిలో ఏదీ తప్పు కాదు. ఎవరు ఏ ఆటను లెక్కలోకి తీసుకున్నారన్నదే తేడా.

అయితే చిక్కు కూడికతో తీరదు. వోస్ గెలిచిన టైటిళ్లలో సగానికి పైగా సైక్లోక్రాస్ అనే ఆటలోవి. యూరప్‌లో బెల్జియం, నెదర్లాండ్స్ ప్రాంతాల్లో శీతాకాలపు వారాంతాలను ఊపేసే ఈ ఆట మిగతా ప్రపంచానికి పెద్దగా తెలియదు. దాన్ని అర్థం చేసుకోకుండా ఆమె జీవితపట్టికను చదివితే కొన్నిచోట్ల ఎక్కువ అంచనా వేస్తాం, కొన్నిచోట్ల తక్కువ అంచనా వేస్తాం.

సైక్లోక్రాస్ అంటే ఏ ఆట?

రోడ్డు సైకిలుకు అన్నదమ్ముల్లాంటి సైకిలు మీద, రోడ్డు కాని చోట చేసే పోటీ ఇది. వంచిన హ్యాండిలు, తేలికైన చట్రం చూస్తే రోడ్డు సైకిలే అనిపిస్తుంది. టైర్లకు మాత్రం బురదను పట్టే గరుకు ఉంటుంది. అంతర్జాతీయ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. బురదలో ఇంకా వెడల్పాటి టైరు ఉంటే సులువు కదా అనిపిస్తుంది. ఆ సులువు ఉండకూడదనే ఈ నిబంధన.

పోటీ జరిగే చుట్టు రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల పొడవుంటుంది. అందులో పచ్చిక, బురద, ఇసుక, నిట్టనిలువు మిట్టలు, మెట్లు, అడ్డంగా నిలబెట్టిన చెక్కలు వస్తాయి. ఈ చెక్కల ఎత్తు 40 సెంటీమీటర్లకు మించదు. కొందరు సైకిలుతో సహా వాటి మీదుగా ఎగురుతారు. ఎక్కువ మంది పరుగు ఆపకుండా దిగి, సైకిలును ఎత్తి, దాటి, మళ్లీ జీనుపైకి దూకుతారు. సైకిలును భుజాన వేసుకుని మెట్లెక్కడం ఈ ఆటలో మామూలు దృశ్యం. దిగడం, ఎక్కడం అన్న చిన్న పనిలో ఒక్కోసారి ఒక సెకను పోతుంది. చుట్టు చుట్టుకూ పోతే అది ఓటమి.

పోటీని దూరంతో కాకుండా సమయంతో కొలుస్తారు. మహిళల ప్రధాన విభాగంలో ఇప్పుడది సుమారు 50 నిమిషాలు. వోస్ మొదలుపెట్టిన రోజుల్లో 40. తొలి చుట్లకు పట్టిన సమయాన్ని చూసి, మొత్తం ఎన్ని చుట్లు వేయాలో నిర్వాహకులు తేలుస్తారు. నేల పొడిగా ఉండి చుట్టుకు 7 నిమిషాలు పట్టిందనుకుందాం: 7 చుట్లు, 49 నిమిషాలు. అదే చోట రాత్రంతా వాన కురిసి చుట్టుకు ఎనిమిదిన్నర నిమిషాలు పడితే 6 చుట్లు, 51 నిమిషాలు. బురద మరీ ఎక్కువైతే సైకిలును కూడా మార్చుకోవచ్చు. అందుకు కేటాయించిన చోట మెకానిక్కులు కడిగిన సైకిలుతో సిద్ధంగా ఉంటారు. క్రీడాకారిణి దాన్ని అందుకుని వెళ్లగానే బురద పట్టినదాన్ని కడగడం మొదలుపెడతారు.

వేగం తక్కువ కాబట్టి రోడ్డు పోటీలో ఉండే ఒక పెద్ద సదుపాయం ఇక్కడ దాదాపు ఉండదు. రోడ్డు మీద ముందు వెళ్లేవారి వెనక నక్కితే గాలి తగలక బోలెడు శక్తి మిగులుతుంది. బురదలో, మలుపుల్లో ఆ లాభం చాలా స్వల్పం. ఎవరి బలం వారిదే. వోస్ అంకెలను విడదీసే తాళంచెవి ఇదే, మళ్లీ దీని దగ్గరకు వస్తాను.

ప్రపంచ కప్పు వేరు, ప్రపంచ ఛాంపియన్‌షిప్ వేరు

క్రికెట్ అలవాటున్న మనకు ప్రపంచ కప్పు అంటే శిఖరం. సైకిల్ పోటీల్లో అలా కాదు. సైక్లోక్రాస్ ప్రపంచ కప్పు అంటే శీతాకాలమంతా వేర్వేరు ఊళ్లలో జరిగే పోటీల వరస. ప్రతి పోటీలో వచ్చిన స్థానానికి పాయింట్లుంటాయి, చివర్లో మొత్తం కూడుతారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మాత్రం ఏడాదికి ఒక్కరోజు, సాధారణంగా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో జరుగుతుంది. ఆ ఒక్కరోజు గెలిచినవారికి తెల్లటి జెర్సీ మీద ఇంద్రధనుస్సు చారలు దక్కుతాయి. ఏడాది పాటు వాటిని వేసుకోవచ్చు, అదీ గెలిచిన విభాగంలో మాత్రమే. సైక్లోక్రాస్‌లో గెలిచిన చారలను వేసవిలో రోడ్డు పోటీకి వేసుకువెళ్లే వీలు లేదు.

ఒక ఊహా లెక్క చూద్దాం. ప్రథమ స్థానానికి 40, ద్వితీయానికి 30 పాయింట్లు, మొత్తం 5 పోటీలు అనుకోండి. ఒకామె అయిదింటిలోనూ రెండో స్థానంలో వచ్చింది: 150. ఇంకొకామె మూడు గెలిచి, జ్వరంతో రెండింటికి రాలేదు: 120. ఒక్క పోటీ కూడా గెలవని క్రీడాకారిణికి కప్పు దక్కింది. కప్పు నిలకడను కొలుస్తుంది, ఛాంపియన్‌షిప్ ఆ రోజును కొలుస్తుంది.

వోస్ విషయంలో ఇది నిజంగానే ఎదురైంది. 2018-19 శీతాకాలంలో ప్రపంచ కప్పు మొత్తం విజేత ఆమే. కానీ ఆ సీజన్‌లోనే డెన్మార్క్‌లోని బోగెన్సెలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో బెల్జియం క్రీడాకారిణి సానె కాంట్ గెలిచింది. వోస్‌కు కాంస్యం. ఆ ఏడాదికి అసలైన ఛాంపియన్ ఎవరు అని అడిగితే రికార్డు పుస్తకం సానె కాంట్ అంటుంది. శీతాకాలమంతా బురదలో నిలబడి చూసిన అభిమానులు కాసేపు వాదిస్తారు.

అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి?

సైక్లోక్రాస్‌లో ఆమె ప్రపంచ టైటిళ్లు 8: 2006, 2009 నుంచి 2014 వరకు వరసగా ఆరు, ఆపైన 2022. రోడ్డు మీద 3: 2006, 2012, 2013. వెలోడ్రోమ్ అనే వాలు ట్రాక్ మీద 2: 2008లో పాయింట్స్ రేసు, 2011లో స్క్రాచ్ రేసు. కంకరదారుల మీద జరిగే గ్రావెల్ పోటీలో 1: 2024 అక్టోబరులో బెల్జియంలోని లూవెన్‌లో. కూడితే 14. ఆ అక్టోబరుకు ముందు రాసిన వార్తల్లో 13 ఉండటానికి కారణం ఇదే. 2004లో ఇటలీలోని వెరోనాలో ఆమె జూనియర్ రోడ్డు ఛాంపియన్ అయింది. దాన్నీ కలిపితే 15.

నాకు ఈ మొత్తం మీద ఒక అభ్యంతరం ఉంది. నాలుగు ఆటల టైటిళ్లను ఒకే గాటన కట్టి కూడటం వినడానికి బాగుంటుంది గానీ, ఒక్కోటీ ఒక్కో తూకం. అది తెలియాలంటే గెలిచినవి పక్కనపెట్టి ఓడినవి చూడాలి.

రోడ్డు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వోస్ 2007 నుంచి 2011 వరకు అయిదేళ్లు వరసగా రెండో స్థానంలో వచ్చింది. అయిదు రజతాలు. వాటిలో నాలుగుసార్లు ఆమెను దాటింది ఇటలీవారే: మార్తా బాస్తియానెల్లి, తాతియానా గుదెర్జో, రెండుసార్లు జోర్జియా బ్రోంజిని. మిగిలిన ఒక్కసారి, 2008లో, బ్రిటన్‌కు చెందిన నికోల్ కుక్. అవే సంవత్సరాల్లో సైక్లోక్రాస్‌లో ఆమెను ఆపగలిగినవారు తక్కువ. 2009, 2010, 2011 మూడూ ఆమెవే.

కాళ్లు అవే, మనిషి అదే. రోడ్డు మీద అందరికన్నా బలమైనవారిని అందరూ కనిపెట్టుకుని ఉంటారు. ఆమె కదిలితే వెనకే అంటుకుంటారు, ఆమె ముందుకెళ్లి గాలిని చీల్చుతుంటే నీడలో శక్తి దాచుకుంటారు, ఆఖరి రెండు వందల మీటర్లలో ఒకరు బయటికి దూకుతారు. ఇటలీలా జట్టుగా ఆడే దేశానికి ఇది వెన్నతో పెట్టిన విద్య. సైక్లోక్రాస్‌లో నీడ లేదు, జట్టు సాయమూ పెద్దగా లేదు. బలమైనవారు ముందుకెళితే వెళ్లినట్టే. కాబట్టి రోడ్డు మీద 3, బురదలో 8 అన్న తేడా ఆమె సామర్థ్యపు తేడా కన్నా ఆటల స్వభావపు తేడానే ఎక్కువ చూపిస్తుంది.

జెడమ్‌లో పద్దెనిమిదేళ్ల అమ్మాయి

వోస్ 1987 మే 13న డెన్ బాష్ నగరంలో పుట్టింది. 2006 జనవరిలో నెదర్లాండ్స్‌లోని జెడమ్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగేనాటికి ఇంకా 19 నిండలేదు. ఆ రోజుల్లో మహిళలకు వయసు విభాగాలు లేవు. అబ్బాయిలకు జూనియర్, అండర్-23 పోటీలుండేవి. అమ్మాయికి ఎంత చిన్న వయసైనా నేరుగా పెద్దవారితోనే పోటీ. ఆమెకు ఎదురుపడింది జర్మనీకి చెందిన హాంకా కుప్ఫర్‌నాగెల్, 2000లో జరిగిన తొలి మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ విజేత. చివరి స్ప్రింటులో వోస్ ఆమెను దాటింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో రోడ్డు టైటిల్ కూడా గెలిచింది.

ఆ తర్వాతి దశలో 2012 ఒక్కటీ చాలు ఆమె ఎలాంటి క్రీడాకారిణో చెప్పడానికి. జనవరిలో బెల్జియం సముద్రతీరపు ఇసుక దిబ్బల్లో, కోక్సైడెలో, సైక్లోక్రాస్ టైటిల్. మేలో కాలర్ బోన్ విరిగింది. వేసవిలో ఇటలీ చుట్టూ రోజుకో అంచెగా జరిగే మహిళల జీరో డి ఇటాలియా పోటీ గెలిచింది. జులై 29న లండన్ వానలో ఒలింపిక్ రోడ్డు స్వర్ణం. బ్రిటన్ అమ్మాయి లిజీ ఆర్మిట్‌స్టెడ్‌ను ఆమె సొంతగడ్డ మీదే స్ప్రింటులో ఓడించింది. సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బర్గ్‌లో రోడ్డు ప్రపంచ టైటిల్, అయిదు రజతాల తర్వాత. ఇలాంటి ఏడాది మరొకరికి ఎప్పుడైనా దక్కిందా అంటే నాకైతే తట్టడం లేదు.

2013లో సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటిసారి యూరప్ దాటి అమెరికాలోని లూయివిల్ వెళ్లింది. ఒహాయో నది పొంగుతోందని రెండు రోజుల పోటీలను ఒకే రోజుకు కుదించారు. వోస్ అక్కడా గెలిచింది, నిమిషానికి పైగా తేడాతో. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని హోగర్‌హైడ్‌లోనూ అంతే, నిమిషం దాటిన తేడా.

అప్పట్లో పోటీ పలచగా ఉండేదా?

నిమిషం తేడా అన్నది రెండంచుల సాక్ష్యం. గెలిచినవారు అంత బలవంతులైనా కావచ్చు, వెనకున్నవారు బలహీనులైనా కావచ్చు. ఇక్కడే వాదం మొదలవుతుంది.

ఆ 8ని కాస్త తగ్గించి చూడాలనేవారి వాదనలో బలముంది. పురుషుల సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ 1950లో మొదలైతే మహిళలది 2000లో. వోస్ తన మొదటి టైటిల్ గెలిచేనాటికి దాని వయసు ఆరేళ్లు. మహిళలకు అండర్-23 విభాగం 2016లో, జూనియర్ విభాగం 2020లో మాత్రమే వచ్చాయి. కొత్తవారు మెట్టుమెట్టుగా ఎదిగే దారి లేనప్పుడు పైన గట్టివారు కొద్దిమందే ఉంటారు. రోడ్డు మీది మేటి క్రీడాకారిణుల్లో చాలామంది చలికాలంలో బురద వైపు తొంగిచూడనే లేదు.

అటువైపు వాదన కూడా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. కుప్ఫర్‌నాగెల్, డాఫ్నీ వాన్ డెన్ బ్రాండ్, అమెరికాకు చెందిన కేటీ కాంప్టన్ సామాన్యులు కారు. 2007, 2008లో వోస్ ఓడిపోయింది కూడా ఆ తరం చేతిలోనే. పైగా 2012, 2013లో నిండైన పోటీ ఉన్న రోడ్డు మీద, ఒలింపిక్స్‌లో సైతం ఆమే గెలిచింది. రోడ్డు మీద ప్రపంచాన్ని ఓడిస్తున్న మనిషి బురదలో నిమిషం తేడాతో గెలిచిందంటే అది పోటీ పలచనవల్లే అనడం కష్టం.

నా తూకంలో రెండూ నిలుస్తాయి. పోటీ ఇంకా గట్టిగా ఉండి ఉంటే తేడా నిమిషం కాక పది సెకన్లు అయ్యేదేమో. విజేత పేరు మారేదని మాత్రం అనుకోను.

శీతాకాలపు పోటీలు మేలా, కీడా?

2015లో చెక్ దేశంలోని టాబోర్‌లో ఆరేళ్ల వరస తెగింది. వోస్‌కు కాంస్యం, తొడ వెనక కండరానికి గాయం. గెలిచింది ఫ్రాన్స్‌కు చెందిన పోలిన్ ఫెరాన్-ప్రెవో. ఆ ఏడాది రోడ్డు సీజన్ దాదాపు మొత్తం వోస్ చేజారింది. గాయంతో పాటు అతిశిక్షణ వల్ల శరీరం మొరాయించింది.

వేసవి రోడ్డు, చలికాలం బురద, మధ్యలో ట్రాక్, ఆపైన మౌంటెన్ బైకు. ఇన్నేళ్లపాటు శరీరానికి విశ్రాంతి ఎప్పుడిచ్చింది అన్న ప్రశ్న సహజం. చలికాలాన్ని విశ్రాంతికీ, నెమ్మదైన పునాది శిక్షణకూ వదిలేయాలనే శిక్షకులకు ఆమె 2015 ఒక హెచ్చరికలా కనిపిస్తుంది. రెండో పక్షంవారు సైక్లోక్రాస్ ఇచ్చే గుణాలను చూపిస్తారు: క్షణంలో పుంజుకునే పేలుడు శక్తి, జారే నేల మీద సైకిలుపై పట్టు, ఊపిరాడని స్థితిలో 50 నిమిషాలు నిలబడగల ఓర్పు. వోస్ గెలిచిన రోడ్డు పోటీల ముగింపులు చూస్తే ఆ గుణాలు కనిపిస్తూనే ఉంటాయి. చిన్న గుంపు, ఒకటి రెండు మిట్టలు, ఆఖర్న స్ప్రింటు.

ఆమె స్వయంగా ఎంచుకున్న జవాబు మధ్యేమార్గం. తిరిగొచ్చాక సైక్లోక్రాస్ మానలేదు గానీ అన్ని పోటీలకూ వెళ్లడం తగ్గించింది. 2017లో లక్సెంబర్గ్‌లోని బీలెస్‌లో రజతం తెచ్చుకుంది. తర్వాతి తరంలో పురుషుల్లో మాథ్యూ వాన్ డెర్ పూల్, వౌట్ వాన్ ఆర్ట్ కూడా ఇదే పద్ధతి పాటించారు: చలికాలంలో కొన్ని వారాలు మాత్రమే బురద.

ఫేయెట్‌విల్, 2022

ఎనిమిదో టైటిల్ ఏడో టైటిల్‌కు ఎనిమిదేళ్ల తర్వాత వచ్చింది. అమెరికాలోని ఫేయెట్‌విల్‌లో వోస్‌కు 34 ఏళ్లు. ఎదురుగా లూసిండా బ్రాండ్, అప్పటి ఛాంపియన్, సొంత దేశస్థురాలే. పోటీలో ఇద్దరూ మిగతావారిని వదిలి ముందుకెళ్లారు. నేల గట్టిగా, వేగంగా ఉంది. అంటే బురదలో లేని నీడ లాభం ఇక్కడ కొంత ఉంది. చివరికి బ్రాండ్ ముందు, వోస్ వెనక. తారు మీద ముగింపు. రోడ్డు మీద అయిదేళ్లు ఎవరెవరో తనకు చేసిందే ఈసారి వోస్ చేసింది: ఆఖరి క్షణం దాకా ఆగి, పక్కకు దూకి, దాటింది.

పోటీ పలచన అన్న వాదానికి ఇది జవాబా? కొంతవరకు. వయసు విభాగాలొచ్చి, ఆట లోతు పెరిగిన తర్వాతి విజయం ఇది. కానీ నిజాయితీగా చెప్పాలంటే ఆ విభాగాల వల్లే కొత్త తరపు పుక్ పీటర్సె లాంటివారు ఆ రోజు అండర్-23 పోటీలో ఉన్నారు, వోస్‌కు ఎదురుపడలేదు. 2006లో వోస్ లాంటి పద్దెనిమిదేళ్ల అమ్మాయి కుప్ఫర్‌నాగెల్‌కు ఎదురుపడింది. 2022లో వోస్‌కు అలాంటి అమ్మాయి ఎదురుపడలేదు. అప్పటికి పురుషుల్లో అత్యధిక టైటిళ్లు బెల్జియంకు చెందిన ఎరిక్ డి వ్లామింక్ పేరిట ఉన్న 7.

పట్టికలో కనిపించని ఖాళీలు

వోస్ ఒలింపిక్ పతకాలు మూడు: 2008 బీజింగ్‌లో ట్రాక్ పాయింట్స్ రేసు స్వర్ణం, 2012 లండన్ రోడ్డు స్వర్ణం, 2024 పారిస్ రోడ్డు రజతం. ఆమె అత్యధిక టైటిళ్లు గెలిచిన ఆటకు ఒలింపిక్స్‌లో చోటే లేదు. సైక్లోక్రాస్ వేసవి ఆట కాదు. శీతాకాల క్రీడల్లో చేర్చాలని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అడుగుతోంది గానీ, ఒలింపిక్ చార్టర్ ప్రకారం మంచు మీదో, గడ్డకట్టిన నీటి మీదో ఆడేవే శీతాకాల క్రీడలు. బురదకు ఆ జాబితాలో చోటు దొరకలేదు. మంచు క్రీడల సమాఖ్యలకు కొత్త పొత్తు ఇష్టం లేకపోవడమూ ఒక కారణం.

టూర్ డి ఫ్రాన్స్ సంగతి ఇంకా బాధాకరం. వోస్ శిఖరంలో ఉన్న 2009 నుంచి 2014 వరకు ఫ్రాన్స్‌లో మహిళలకు ఆ స్థాయి టూర్ లేదు. 2013లో ఆమె, తోటి క్రీడాకారిణులు ఎమా పూలీ, క్యాథరిన్ బెర్టీన్, క్రిస్సీ వెల్లింగ్టన్ కలిసి మహిళలకూ టూర్ కావాలని సంతకాల ఉద్యమం నడిపారు. ఫలితంగా 2014లో పారిస్ షాంజెలిజే మీద లా కూర్స్ పేరిట ఒక్కరోజు పోటీ పెట్టారు. గెలిచింది వోసే. అసలైన అంచెల పోటీ 2022లో వచ్చేసరికి ఆమెకు 35 ఏళ్లు. అయినా రెండు అంచెలు గెలిచి, మొత్తం మీద ముందున్నవారికిచ్చే పసుపు జెర్సీ తొడిగి, పాయింట్ల ఆకుపచ్చ జెర్సీతో ముగించింది. 2025లో ప్లూమెలెక్‌లో జరిగిన తొలి అంచె మళ్లీ ఆమెది, 38 ఏళ్ల వయసులో. ఆ రోజు ముగింపులో ఆమె దాటింది సొంత జట్టు సభ్యురాలు ఫెరాన్-ప్రెవోనే. టాబోర్‌లో ఆరేళ్ల వరసను తెంచిన అదే ఫెరాన్-ప్రెవో ఆ టూర్‌ను మొత్తంగా గెలిచింది.

మెర్క్స్‌తో, లాంగోతో పోలిక

బెల్జియం దిగ్గజం ఎడీ మెర్క్స్‌తో వోస్‌ను పోల్చడం అలవాటైపోయింది. సీనియర్ రోడ్డు ప్రపంచ టైటిళ్లు ఇద్దరికీ మూడేసి. కానీ మెర్క్స్ కాలంతో పోటీపడి ఒంటరిగా తొక్కే టైమ్ ట్రయల్‌లోనూ, పెద్ద పర్వతాల్లోనూ రాజు. వోస్ టైమ్ ట్రయల్‌లో ఎప్పుడూ మేటి కాదు, ఎత్తైన కనుమల్లో కూడా కెరీర్ రెండో సగంలో ఆమెను దాటినవారు చాలామంది. ఆమె బలం వేరే: నాలుగు రకాల నేలల మీద, రెండు దశాబ్దాల పాటు గెలవడం.

మహిళల్లో పోలికకు దగ్గరగా వచ్చేది ఫ్రాన్స్‌కు చెందిన జానీ లాంగో. రోడ్డు, టైమ్ ట్రయల్, ట్రాక్ కలిపి 13 ప్రపంచ టైటిళ్లు. 14 పెద్దదా 13 పెద్దదా అంటే జవాబు తెలిసిందే. రోడ్డు రేసు ఒక్కదాన్నే చూస్తే లాంగోకు 5, వోస్‌కు 3. బురదను లెక్కలోంచి తీసేస్తే లాంగోవి అలాగే 13, వోస్‌వి 6.